మలుపు కాడ మొగులమ్మ

పటాన్‌చెరు బస్తీలో ఆడమనిషి పరుగెత్తడం అప్పటికి ఎవరూ చూసి ఎరగరు. ఆడపిల్ల పరుగెత్తితే బస్సు తప్పిపోతోందనుకునేవారు. తల్లీకూతుళ్లు ఒకరి వెనుక ఒకరు పరుగెత్తుతుంటే మాత్రం, ఇంట్లో ఎవరికో ఏదో అయిందని తలుపులు తీసుకుని బయటికొచ్చి అడిగేవారు.

"ఏమైంది మొగులమ్మా, జంగయ్యకు మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నడక్కా. పిల్ల పందానికి ఉర్కుతుంది."

"మరి నువ్వెందుకు ఉర్కుతున్నవ్?"

దానికి ఆగి జవాబు చెప్పేంత ఊపిరి మొగులమ్మ దగ్గర ఉండేది కాదు. చెయ్యి ఊపి సాగిపోయేది.

మొగులమ్మ బిడ్డ బీరమ్మ సర్కారు బడిలో తొమ్మిది చదువుతోంది. బడి మైదానంలో ఆడపిల్లలందరూ రెండు చుట్లకే కూలబడితే ఈ పిల్ల ఇంకా తిరుగుతూనే ఉండటం డ్రిల్లు మాస్టరు కాశీనాథ్ సార్ చూశాడు. మైదానంలో కాదు, మట్టిబాటల మీద, చేల గట్ల మీద పొద్దున్నే పరుగెత్తమని చెప్పాడు. మొదటి రోజు బీరమ్మ ఒక్కతే వెళ్లింది. ఎంతోసేపు పట్టలేదు, తిరిగొచ్చింది. కంపెనీ గేటు ముందు ఆగిన లారీల దగ్గర క్లీనర్లు ఈలలు వేశారట. ఒకడు సైకిలు మీద బండిబాట దాకా వెంటబడ్డాడట. అది కూడా తల్లి గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. "నేనిగ ఉర్క" అని దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇనుప మిల్లులో రాత్రి పాళీ చేసి వచ్చిన తండ్రి జంగయ్య బకెట్టు ముందు కూర్చుని మోచేతుల మసి రుద్దుకుంటూ విన్నాడు.

"వద్దంటుంది గద. ఇడిసిపెట్టు," అన్నాడు.

మొగులమ్మ మర్నాడు కోడి కూసే వేళకు చీర కుచ్చిళ్లు కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి, నాట్లకు దిగేటప్పటిలా బిగించి చెక్కుకుంది. జుట్టు ముడి వేసుకుని బిడ్డ మీది దుప్పటి లాగింది.

"లే. నేనొస్త."

తర్వాత ఎన్నో ఏళ్లకు, ఆ చేలన్నీ ప్లాట్లయి, ఆ బాటే గుర్తుపట్టరాకుండా పోయాక కూడా మొగులమ్మకు ఆ పొద్దులు తలపుకొచ్చేవి. అప్పటికి కిష్టారెడ్డిపేట బాటకు అటూ ఇటూ జొన్నలే. కంపెనీల వైపు నుంచి వచ్చే ఘాటు వాసన బస్తీ దాటి కొంత దూరం దాకా ముక్కును వదిలేది కాదు. ఆ తర్వాత ఒక్కసారిగా తడిమట్టి వాసన తగిలేది. అక్కడికి రాగానే బీరమ్మ అడుగు మారేది. తల్లి వెనుకబడిపోయేది. ముందు తెల్లని జాకెట్టు, దాని మీద ఊగే జడ మంచులోకి చొచ్చుకుపోవడం చూస్తూ, డొక్క నొప్పిని చేత్తో అదుముకుంటూ, చెప్పుల్లేని కాళ్లతో మొగులమ్మ వెనుక వెనుకే నడకా పరుగూ కాని వేగంతో వెళ్లేది. బాట చివర బీరమ్మ నిలబడి నవ్వేది.

"అవ్వా, నువ్వు ముసలిదానివైనవే."

"నేను రాకపోతె నువ్వు ఈడిదాంక వస్తుంటివా?"

తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ నడిచేవారు. ఆ నడకలో బీరమ్మ బడి ముచ్చట్లన్నీ చెప్పేది. ఇంట్లో ఎప్పుడూ అన్ని మాటలు చెప్పే పిల్ల కాదు.

జిల్లా పందెం శనివారం సంగారెడ్డిలో అని కాశీనాథ్ సార్ బుధవారం కబురు పంపాడు. సాయంత్రం మొగులమ్మ బడి దాకా వెళ్లింది. సార్ వాలీబాల్ నెట్టు చుడుతూ చెప్పాడు.

"మొదటి ఆరుగురిని తీస్తరు మొగులమ్మా. ఆ ఆరుగురు రాష్ట్రం పోటీలకు పోతరు. మన పిల్లకు దమ్మున్నది. గని నువ్వు జెర భద్రం."

"నేనా సార్?"

"పొద్దుగాల ఉర్కినట్టు ఆడ పక్కపొంటి ఉర్కొద్దు. నీళ్లియ్యొద్దు, చెయ్యి పట్టొద్దు, తొవ్వ మీదికి రావొద్దు. తల్లిదండ్రులు సాయం చేసిన్రంటే పిల్లను తీసేస్తరు. అసలు నోరే విప్పకు."

"విప్ప సార్."

మొగులమ్మ మందుల కంపెనీలో పాకింగు పని చేసేది. బెల్టు మీద గోళీల పట్టీలు కదిలిపోతుంటే గోళీ లేని ఖాళీ గుంట ఎక్కడుందో చూసి, ఆ పట్టీని తీసి పక్క డబ్బాలో వెయ్యాలి. కళ్లు ఎత్తకూడదు. శనివారం తన పొద్దుటి పాళీ తీసుకుని, మధ్యాహ్నం పాళీ ఇస్తావా అని పక్కన నిలబడ్డ ఇందిరమ్మను అడిగింది.

"పందెం పిల్లకా, నీకా?" అంది ఇందిరమ్మ బెల్టు మీంచి చూపు తీయకుండానే. వరుసంతా నవ్వింది. మొగులమ్మ కూడా నవ్వింది. పాళీ మాత్రం ఇందిరమ్మ మార్చుకుంది.

శనివారం పొద్దున్నే బొంబాయి రోడ్డు మీద బస్సెక్కి సంగారెడ్డిలో దిగేసరికి, ఊరి బయట మైదానంలో జిల్లా నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు గుంపులు గుంపులుగా ఉన్నారు. కొందరికి బూట్లు, కొందరికి కాన్వాసు జోళ్లు, కొందరికి ఏమీ లేవు. బీరమ్మకు కాన్వాసు జోళ్లు. కాశీనాథ్ సార్ తన బడి పిల్లల్ని పందెం బాట వెంట ఒకసారి నడిపించి తెచ్చాడు. వెనుకే మొగులమ్మ కూడా నడిచింది. మైదానం దాటి కంది చేల పక్కగా వెళ్లి, ఒకచోట బాట రెండుగా చీలింది. నేరుగా పోయే వెడల్పాటి బాట పల్లానికి దిగి రాళ్లు కొట్టే గుంతలోకి పోతుంది. ఎడమకు తిరిగే సన్నబాట గుట్టను చుట్టి మైదానానికి వస్తుంది. పందెం ఎడమకే. మలుపు దగ్గర నేల మీద సున్నంతో బాణం గుర్తు వేసి ఉంది. టోపీ పెట్టుకున్న సార్ ఒకాయన ఎర్రజెండా పట్టుకుని స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు.

"ఇక్కడ నేనుంట. పరేషాన్ కాకుర్రి," అన్నాడు పిల్లలతో.

పందెం చెప్పిన వేళకు మొదలవలేదు. ముందు మగపిల్లలది అయింది. ఎవరో పెద్దమనిషి వచ్చి మాట్లాడాడు. ఎండ ఎక్కింది. బిడ్డ ముఖం చూస్తూ నిలబడితే తనే ఏదో అనేస్తుందని మొగులమ్మకు భయం పట్టుకుంది. మైదానం విడిచి నడుచుకుంటూ మలుపు దాకా వెళ్లింది. బాటకు దూరంగా సీతాఫలం పొద పక్కన నిలబడితే, అటు కంది చేలూ ఇటు గుట్టా రెండూ కనిపిస్తున్నాయి. టోపీ సార్ అక్కడ లేడు. స్కూటరూ లేదు. చాయకు పోయాడేమో, వస్తాడులే అనుకుంది. ఇంతలో ఒకాయన గొర్రెల మందను తోలుకుంటూ వచ్చాడు. మంద మలుపు మీదుగా పల్లానికి దిగిపోయింది. దుమ్ము అణిగాక చూస్తే నేల మీద సున్నం గుర్తు లేదు. గొర్రెల డెక్కల అచ్చులే ఉన్నాయి.

దూరాన ఈల వినిపించింది. పందెం విడిచారు.

కంది చేల చివర మొదట కనిపించింది బీరమ్మే. ఒక్కతే. వెనుక చాలా దూరం దాకా ఎవరూ లేరు. మొగులమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పొద్దున చూసిన దారి కనుక బీరమ్మ మలుపు దగ్గర తల కూడా ఎత్తలేదు, ఎడమకు తిరిగి గుట్ట వెనక్కి పోయింది. తల్లిని చూడనే లేదు.

కాసేపటికి మిగిలిన పిల్లలు గుంపుగా వచ్చారు. మలుపు దగ్గర ముందున్న పిల్ల వేగం తగ్గించి అటూ ఇటూ చూసింది. జెండా లేదు, గుర్తు లేదు. వెడల్పు బాట పల్లానికి హాయిగా దిగుతోంది. అటు మళ్లింది. వెనుక పిల్లలు ఆమె వీపు చూసి అటే మళ్లారు.

మొగులమ్మ కదల్లేదు. అసలు నోరే విప్పకు అన్నాడు సార్. బిడ్డ గుట్ట వెనుక ఒక్కతే పోతోంది. వీళ్లు గుంతలోకి దిగి, దారి లేదని తెలుసుకుని తిరిగి వచ్చేసరికి పందెం అయిపోతుంది. బీరమ్మ జిల్లాకే మొదలు వస్తుంది. తానేమీ చేయక్కర్లేదు. ఇప్పుడు నిలబడ్డట్టే నిలబడితే చాలు, ఎవరూ అడగరు కూడా.

గుంపు పొద ముందు నుంచి పోయింది. ఒక్కో పిల్లా రొప్పుతున్న చప్పుడు వినిపించింది. రెండు జడలు మడిచి నీలం రిబ్బన్లు కట్టిన పిల్ల ఒకతి. రిబ్బన్లు చెవుల దగ్గర గట్టిగా, ఊడకుండా, రెండు ముళ్లు వేసి ఉన్నాయి. పొద్దున ఎవరో తల్లి మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని వేసిన ముళ్లు.

"అటు కాదు బిడ్డా, అటు కాదు."

తన గొంతే తనకు కొత్తగా వినిపించింది. మొగులమ్మ ఉరికి వచ్చి పల్లపు బాటకు అడ్డంగా నిలబడి చేతులు చాపింది. "ఇటు రార్రి. గుట్ట దిక్కు. అది గుంత." దిగిపోయిన పిల్లలు ఆగి, వెనక్కి తిరిగి, ఆమె చేతి కింది నుంచి దూరి ఎడమ బాట పట్టారు. వెనుక వచ్చినవాళ్లను కూడా ఒక్కొక్కరినే మళ్లించింది. ఆఖరి పిల్ల ఏడుస్తూ వచ్చింది. "నడు బిడ్డా, అయిపోవచ్చింది," అంది మొగులమ్మ. అప్పుడే స్కూటరు చప్పుడైంది. టోపీ సార్ దిగాడు. నేల చూశాడు, బాట మధ్య నిలబడ్డ ఆమెను చూశాడు. ఏమీ అనకుండా స్కూటరు తిప్పుకుని మైదానం వైపు పోయాడు.

గుట్ట వెనుక రాళ్ల బాట మీద బీరమ్మకు డొక్క పట్టేసిందని మొగులమ్మకు మైదానం చేరాకే తెలిసింది. ఒంగి నడిచి, మళ్లీ పరుగెత్తి, ఒకరి తర్వాత ఒకరు దాటిపోతుంటే ఆరో స్థానంలో గీత తొక్కింది. నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పక్కనే కాశీనాథ్ సార్, ముఖమంతా నవ్వు.

"ఆరుగురిల వచ్చింది మొగులమ్మా."

ఆయన నవ్వు అట్లా ఉండగానే పిలుపు వచ్చింది. గుడారం కింద పోటీల అధికారి కమలాకుమారి మేడమ్ కూర్చుని ఉంది. పక్కన టోపీ సార్.

"నీ బిడ్డ పందెంలో ఉండగా నువ్వు బాట మీదికి వచ్చావా?" అని అడిగింది మేడమ్.

"వచ్చిన మేడమ్. పిల్లలు గుంత దిక్కు..."

"నేను వద్దన్నా వినలేదు మేడమ్," అన్నాడు టోపీ సార్. "బిడ్డకు తొవ్వ చూపిస్తున్నది. నేను కళ్లార చూసిన."

"సార్, మీరు ఆడ లేరు గద," అంది మొగులమ్మ.

"నేను లేకపోవుడేంది? నా డ్యూటీ ఆడనే."

కాశీనాథ్ సార్ ఏదో చెప్పబోయాడు. మేడమ్ చెయ్యి ఎత్తింది. అలసిపోయి ఉన్న మనిషి, కోపం కూడా లేదు. "రూలు అందరికీ ముందే చెప్పాం. ఆరో పిల్ల పేరు తీసెయ్యండి. ఏడో పిల్లను పిలవండి," అంది.

వెనుక నిలబడి వింటున్న బీరమ్మ తల్లి కొంగు పట్టుకుని ఇటు తిప్పింది. ముఖం మీద దుమ్ము, చెమట, కన్నీళ్లు కలిసి చారలు కట్టాయి.

"నిన్నెవరు రమ్మన్నరు ఆడికి? సార్ నోరు విప్పొద్దన్నడు గద."

ఏడో పిల్ల వచ్చింది. నీలం రిబ్బన్ల పిల్లే. కాళ్లకు ఏమీ లేవు, ఒక బొటనవేలు చిట్లి నెత్తురు ఆరింది. పేరు పోశమ్మ, కొండాపూర్ దిక్కు ఊరు అని చెప్పింది.

"పోశమ్మా, ఆరో పేరు పోయింది. నీ పేరు ఎక్కిస్తున్నాం," అంది మేడమ్.

పోశమ్మ ముఖం వెలిగింది. అంతలోనే బీరమ్మను చూసింది, ఆమె పక్కన మొగులమ్మను చూసింది.

"ఎందుకు పోయింది మేడమ్?"

"వాళ్ల అమ్మ దారి చూపించింది."

పోశమ్మ చిట్లిన వేలిని రెండో పాదం మీద ఆనించి నిలబడింది.

"గీ అక్క మాకంటె ముందుగాలనే పోయింది మేడమ్. గీ అవ్వ మాకు చూపింది. మేము గుంతలకు దిగినం."

"అక్కడ సార్ లేరా?"

"లేడు."

"ఏం మాట్లాడుతున్నవ్ పిల్లా," అన్నాడు టోపీ సార్.

పోశమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా అంది. "లేడు మేడమ్. సార్ ఉంటె మేము అటెందుకు పోతం?"

మేడమ్ గుడారం బయట కూర్చున్న మిగతా పిల్లల వైపు చూసింది. మొదటి స్థానంలో వచ్చిన అమ్మాయి తల ఊపింది. ఆమెను చూసి మరొకతి ఊపింది. టోపీ సార్ టోపీ తీసి, లోపలి చెమట తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"నువ్వు చెప్పింది నిజమైతే ఆరో పేరు తియ్యడానికి లేదు. నీకు రాదు. తెలుసా?" అని అడిగింది మేడమ్.

"ఎరికే మేడమ్," అంది పోశమ్మ. మేడమ్ ఆరో పేరుగా మళ్లీ బీరమ్మనే రాయించింది.

బస్టాండులో బల్ల మీద కూర్చుని మొగులమ్మ రొట్టెల మూట విప్పింది. బీరమ్మ ముట్టుకోకుండా అడిగింది.

"నువ్వు చెప్పకపోతె నేను ఫస్టొస్తుంటి గద అవ్వా."

"వస్తుంటివి."

"మరి?"

"ఒక్కదానివే వస్తుంటివి బిడ్డా."

బీరమ్మ చూపు బస్టాండు అవతలి కొసకు పోయింది. అక్కడ పోశమ్మ స్తంభానికి ఆనుకుని ఒక్కతే నిలబడి ఉంది. బీరమ్మ లేచి వెళ్లి, ఏమందో ఏమో, ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తన రొట్టె సగం తుంచి ఇచ్చింది.

"నీతోని ఎవ్వరు రాలేదా?" అని అడిగింది మొగులమ్మ.

"మా బడిల ఆటల సారు లేడు. పెద్దసారు బస్సెక్కించి పంపిండు. మా అమ్మకు ఎరికలేదు. బడికే పోతున్న అనుకుంటుంది."

"ఎందుకు చెప్పలే?"

"ఉర్కుడేంది ఆడపిల్ల అంటది. ఇప్పుడు ఈ వేలు చూస్తె అడుగుతది. ఇగ బడి కూడా బంద్ చేస్తదేమో." పోశమ్మ రొట్టె చేతిలోనే పట్టుకుని ఉంది. "పేరొస్తె మా పెద్దసారు ఇంటికొచ్చి చెప్త అన్నడు. ఇగ రాడు."

పటాన్‌చెరు మీదుగా పోయే బస్సు వచ్చి నిలబడింది. ఇప్పుడెక్కితే మధ్యాహ్నం పాళీ అందుతుంది. పాళీ తప్పితే సూపర్‌వైజరు ఊరుకునే మనిషి కాదు. మొగులమ్మ లేచింది, మూట కట్టింది, బస్సు వైపు నాలుగడుగులు వేసింది. వెనక్కి తిరిగి చూస్తే పిల్లలిద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని ఉన్నారు, బీరమ్మ చేతిరుమాలు తడిపి ఆ పిల్ల వేలికి చుడుతోంది.

కండక్టరు ఈల వేశాడు. బస్సు పోయింది.

"కొండాపూర్ బస్సు ఏడ ఆగుతది పోశమ్మా?" అని అడిగింది మొగులమ్మ.

ఆ ఊళ్లో దిగేసరికి పొద్దు వాలుతోంది. పోశమ్మ ముందు నడిచింది. శెనగ చేనులో వాళ్ల అమ్మ శివమ్మ ఒంగి కలుపు తీస్తోంది. అలికిడికి నడుము ఎత్తి చూసింది. బిడ్డను, వేలికి కట్టిన గుడ్డను, వెనుక ఎవరో తెలియని తల్లీకూతుళ్లను చూసింది.

"ఎవరమ్మా మీరు? ఏం చేసింది మా పిల్ల?"

"ఏం చెయ్యలేదక్కా. మాది పటాన్‌చెరు. నీ బిడ్డ, నా బిడ్డ ఇయ్యాల కలిసి ఉర్కిన్రు."

శివమ్మ ముఖం గట్టిపడింది. పోశమ్మ తల్లిని చూడలేక గట్టు మీదే ఆగిపోయింది. మొగులమ్మ కొంగు నడుముకు చుట్టి, శివమ్మ పక్క సాలులోకి దిగి ఒంగింది. కంపెనీలో చేరాక చేను ముట్టి ఎన్నేళ్లయిందో. వేళ్లు మాత్రం మరిచిపోలేదు. శెనగ మొక్కను తప్పించి గడ్డి వేరు దగ్గర పట్టి లాగుతుంటే ఆకుల పులుపు వేళ్లకు అంటింది. చిన్నప్పుడు తల్లి వెంట కూలికి పోయినప్పుడు ఆ వేళ్లు నాకేది. ఆ మాట గుర్తొచ్చి తనలో తనే నవ్వుకుంది.

శివమ్మ కాసేపు నిలబడి చూసింది. తర్వాత తనూ ఒంగింది. ఇద్దరూ సాలు వెంట జరుగుతుంటే మొగులమ్మ జరిగిందంతా చెప్పింది. లారీల దగ్గర ఈలల సంగతి చెప్పింది, తను వెంట పరుగెత్తడం చెప్పింది, గొర్రెలు, గుంత, నీలం రిబ్బన్లు అన్నీ చెప్పింది. గుడారం కింద పోశమ్మ అన్న మాటలు పోశమ్మ అన్నట్టే చెప్పింది. శివమ్మ పీకిన గడ్డి గుప్పిట నిండినప్పుడల్లా వెనక్కి వేస్తూ పోయింది.

సాలు అయిపోయింది. గట్టు మీద పిల్లలిద్దరూ ఎవరు ఎక్కడ వెనుకబడ్డారో వాదులాడుకుంటున్నారు. శివమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి బిడ్డను చాలాసేపు చూసింది.

"గా రోడ్డు మీద అంత కంకర," అంది చివరికి, మొగులమ్మ వైపు తిరగకుండానే. "ఉర్కితె కాళ్లు పగులుతయి. చెరువు కట్ట మీదనైతె మన్ను మెత్తగుంటది. పొద్దుగాల ఆ దిక్కు ఎవ్వరు రారు."